మీ షెడ్డులో పాత అమెరికన్ బండి ఉందా? తాత జీపు, నాన్న షెవర్లే మనవడి దాకా నిలవాలంటే ఇవి తెలుసుకోవాల్సిందే!

మన్ననూర్: తాత కొన్న జీపు.. నాన్న మోజుపడి తెచ్చుకున్న షెవర్లే.. ఊళ్లో షెడ్డు కింద టార్పాలిన్ కప్పుకుని పడి ఉంటాయి. అమ్ముదామంటే మనసు రాదు. బాగు చేయిద్దామంటే ఎవరు పూనుకోవాలో తేలదు. ఈలోగా ఆర్సీ ఏ ట్రంకు పెట్టెలో ఉందో కూడా ఎవరికీ గుర్తుండదు. చివరికి ఒకరోజు ఆ బండి పాత ఇనుము కొట్టుకు చేరుతుంది.

డబ్బుంటే పాత బండి దానంతటదే నిలుస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదనడానికి హైదరాబాద్ నిజాం కుటుంబమే పెద్ద ఉదాహరణ. కాగితాలు, నెలనెలా చేసే పని, బాధ్యత తీసుకునే ఒక మనిషి.. ఈ మూడూ ఉంటేనే బండి తరం దాటుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా గ్యారేజీ ఎంత పెద్దదైనా లాభం లేదు. మరి నిజాం కార్లకు ఏమైంది? 50 ఏళ్లు దాటిన బండికి చట్టం ఏం చెబుతోంది? ఇంట్లో పెద్దాయన పోయాక బండిని ఎవరి పేరు మీదకు, ఎలా మార్చుకోవాలి? పూర్తి వివరాలు ఇవీ..

నల్లమల దారుల్లో అమెరికా బండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే హైవేపై సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది మన్ననూర్. ఇక్కడి చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవి మొదలైనట్టే. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ దారిలో వాహనాలను వదలరు. ఇప్పుడంటే ఈ గేటు ముందు రకరకాల ఎస్‌యూవీలు వరుస కడుతున్నాయి. ఒకప్పుడు అడవి దారిలో తిరిగే బండి అంటే అందరికీ గుర్తొచ్చేది జీపే.

ఆ జీపు పుట్టింది అమెరికాలోనే. రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక మన దేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇక్కడే తయారు చేసింది. అందుకే పాలమూరు పల్లెల్లో పాత అమెరికన్ బండి అంటే తోకలున్న క్యాడిలాకే కానక్కర్లేదు. గడ్డివాము పక్కన తుప్పు పడుతున్న పెట్రోల్ జీపు కూడా ఆ కుటుంబంలోదే.

ఇక కార్ల సంగతి. ఫోర్డ్ 1926లో ఇండియాలో కంపెనీ పెట్టింది. అది ఫోర్డ్ కెనడాకు అనుబంధ సంస్థ. అందుకే కొన్ని పాత ఫోర్డ్ కార్ల ప్లేట్ల మీద కెనడా పేరు కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, అది నకిలీ కాదు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్రీలో అసెంబ్లీ ప్లాంటు తెరిచింది. షెవర్లేలు, బ్యూక్‌లు ఆ దారినే వచ్చాయి. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ క్రైస్లర్‌తో కలిసి డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను బిగించింది. హిందుస్థాన్ మోటార్స్ స్టుడీబేకర్లను బిగించింది. బలమైన ఇంజిన్, నేలకు ఎత్తుగా ఉండే బాడీ.. అప్పటి మట్టి రోడ్లకు ఇవి సరిగ్గా సరిపోయాయి.

ఈ కథ 1950లలో ఆగిపోయింది. విడిభాగాలు తెచ్చి బిగిస్తే సరిపోదు, దశలవారీగా ఇక్కడే తయారు చేయాలని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ బాటే పట్టింది. దాంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ తలుపులు మూసేశాయి. కొత్త కార్లు రావడం ఆగింది. స్పేర్ పార్టులకూ కటకట మొదలైంది. అప్పటికే ఇళ్లలో ఉన్న బండ్లను ఎవరికి వారే కాపాడుకోవాల్సి వచ్చింది.

నిజాం గ్యారేజీ చెప్పే పాఠం

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ లండన్‌లో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డర్ ఇచ్చారు. వెనక సింహాసనం లాంటి సీటు ఉండే కారు అది. కానీ కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు అది వారసత్వంగా వచ్చింది. ఆ తర్వాత బ్రిటిష్ కార్లతో పాటు బ్యూక్, ప్యాకార్డ్ లాంటి అమెరికన్ కార్లు కూడా నిజాం గ్యారేజీలో చేరాయి.

1967లో ఉస్మాన్ అలీఖాన్ చనిపోయారు. కొడుకును పక్కనపెట్టి, మనవడు ముకర్రమ్ జాను వారసుడిగా ఆయన ముందే ప్రకటించారు. ముకర్రమ్ జాకు యంత్రాలంటే ప్రాణం. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పశువుల క్షేత్రం కొని అక్కడే ఏళ్ల తరబడి గడిపారు. అలాంటి మనిషికే తాత గ్యారేజీ గుదిబండ అయింది. ఆయన జీవితంపై వచ్చిన కథనాల ప్రకారం గ్యారేజీలో 60 దాకా కార్లుంటే, నడిచే స్థితిలో ఉన్నవి నాలుగే. పెట్రోల్‌కు, విడిభాగాలకు మాత్రం ఏటా 90 వేల డాలర్ల ఖర్చు చూపించేవారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. డబ్బు ఖర్చవుతోంది, కార్లు నడవడం లేదు. ఏ కారుకు ఏం పని చేశారో అడిగే మనిషి లేడు. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న నిర్ణయమూ లేదు. 1971లో రాజభరణాలు రద్దయ్యాక పరిస్థితి ఇంకా దిగజారింది.

అదే కుటుంబంలో తర్వాత కథ మారింది. ముకర్రమ్ జా మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా హైదరాబాద్ తిరిగొచ్చి చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణను దగ్గరుండి నడిపించారు. 2010లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ మెరిట్ అవార్డు దక్కింది. సిల్వర్ ఘోస్ట్‌తో పాటు నిజాం కుటుంబం వాడిన బ్యూక్, ప్యాకార్డ్ కార్లు అక్కడ సందర్శకులకు కనిపిస్తాయి. 2000లో ప్రారంభమైన పురానీ హవేలీ నిజాం మ్యూజియంలోనూ 1930 నాటి రోల్స్ రాయిస్, ఒక ప్యాకార్డ్, జాగ్వార్ మార్క్ 5 ఉన్నాయి. ముకర్రమ్ జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. మిగిలిన కార్లు మాత్రం నిలిచాయి.

అవే కార్లు, అదే కుటుంబం. మధ్యలో మారింది ఒక్కటే.. ఒకరు బాధ్యత నెత్తిన వేసుకున్నారు, ఏది ఎలా కాపాడాలో నిర్ణయం తీసుకున్నారు. ఒక జీపు ఉన్న రైతు కుటుంబానికైనా ఇదే లెక్క వర్తిస్తుంది.

50 ఏళ్లు దాటితే ‘వింటేజ్’.. రూల్స్ ఏంటి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ముఖ్యమైన పాయింట్లు ఇవీ..

• మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్ వీలర్లకు వర్తిస్తుంది. కమర్షియల్ వాడకంలో ఉండకూడదు.

• బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

• కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20 వేలు. 10 ఏళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కు రూ.5 వేలు.

• నంబర్ ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. ఇప్పటికే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు.

• ఫారం 20తో పాటు ఇన్సూరెన్స్, పాత ఆర్సీ ఇవ్వాలి. దిగుమతి చేసుకున్న బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ కావాలి.

వినడానికి బాగానే ఉంది కదా! కానీ ఒక మెలిక ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీగా రోడ్డుపై తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోల్ పోయించుకోవడం, రిపేర్లు.. వీటికి మాత్రమే బయటకు తీయాలి. అంటే ఇంటిల్లిపాదీ జీపెక్కి మన్ననూర్ మీదుగా మల్లన్న దర్శనానికి వెళ్తామంటే ఈ రిజిస్ట్రేషన్ కింద కుదరదు.

అలా తిరగాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే కొనసాగించాలి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ప్రతి ఐదేళ్లకూ ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇక్కడ ఫీజులు గట్టిగానే ఉన్నాయి. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన వాహనాల రెన్యువల్ ఫీజులు పెంచింది. కార్లకు రూ.10 వేలు, దిగుమతి చేసుకున్న ఫోర్ వీలర్లకు రూ.80 వేలు. జీఎస్టీ అదనం. మీ షెవర్లే రికార్డుల్లో ‘దిగుమతి’ అని ఉందా, ఇక్కడే బిగించిన బండిగా ఉందా అన్నది ఇప్పుడు చిన్న విషయం కాదు. ఆర్సీలో ఆ గడిని ఒకసారి చూసుకోండి.

కాబట్టి ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే.. ఈ బండిని తిప్పాలా? దాచుకోవాలా? ఏ దారి పట్టాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

డీజిల్ ఇంజిన్ వేయించారా? అక్కడే చిక్కు

పల్లెల్లో చాలా పాత జీపులకు ఒక చరిత్ర ఉంది. పెట్రోల్ ఖర్చు భరించలేక అసలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించారు. ఆ రోజుల్లో అది తెలివైన పనే. వ్యవసాయానికి, మనుషులను చేరవేయడానికి బండి పనికొచ్చింది. కానీ ఇప్పుడు అదే బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలంటే ఇంజిన్ మార్పు అడ్డొస్తుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పులకు అనుమతి ఉండాలి, ఆర్సీలో ఎక్కించాలి. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఇంజిన్ ఉంటే అమ్మకానికి, పేరు మార్పుకు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు అన్నింటికీ ఇబ్బందే. తీసేసిన పాత ఇంజిన్ ఇంకా ఏ మూలనో ఉంటే మాత్రం ఇనుము కింద అమ్మేయకండి. దాని నంబర్ ఆర్సీతో కలిస్తే, ఆ ముక్కే బండి విలువను నిలబెడుతుంది.

ఇదే ప్రశ్న క్యూబాలో పెద్ద ఎత్తున కనిపిస్తుంది. 1959 విప్లవం, ఆ తర్వాత అమెరికా ఆంక్షలతో అక్కడికి కొత్త అమెరికన్ కార్లు రావడం ఆగిపోయింది. ఉన్న షెవర్లేలు, బ్యూక్‌లు, ప్లిమత్‌లనే తండ్రి తర్వాత కొడుకు నడుపుతూ వచ్చారు. పార్టులు దొరక్క చాలా కార్లలో వేరే దేశాల డీజిల్ ఇంజిన్లు బిగించారు. పైన అమెరికా, లోపల ఇంకేదో. వాళ్లకు ఆ కారే బతుకుదెరువు కాబట్టి వాళ్లు చేసింది సరైనదే. మన షెడ్డులో బండి బతుకుదెరువు కాదు. కాబట్టి మన తూకం వేరుగా ఉండాలి. కొత్తగా ఏదైనా మార్చేటప్పుడు తిరిగి పాతది బిగించుకునేలా చేయడం, తీసిన ప్రతి ముక్కనూ పేరు రాసి దాచడం.. ఈ రెండూ పాటిస్తే చాలావరకు గట్టెక్కినట్టే.

పెద్దాయన పోయాక.. ఆర్సీ ఎవరి పేరు మీదకు?

పొలాన్ని ఎకరాల లెక్కన పంచుకోవచ్చు. కారును అలా పంచలేం. అన్నదమ్ముల మధ్య బండి ఆగిపోయేది ఇక్కడే. ఎవరూ పేరు మార్చుకోరు, ఎవరూ ఇన్సూరెన్స్ కట్టరు, అందరికీ హక్కు మాత్రం ఉంటుంది.

రూల్ స్పష్టంగానే ఉంది. యజమాని చనిపోయిన 30 రోజుల్లోపు వారసులు రవాణా శాఖకు తెలియజేయాలి. అలా తెలియజేస్తే మూడు నెలల పాటు బండిని వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపే ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్‌తో పాటు తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రం సాధారణంగా అడుగుతారు.

2021 నుంచి ఇంకో సౌకర్యం వచ్చింది. బ్యాంకు ఖాతాకు పెట్టినట్టే ఆర్సీలో నామినీ పేరు పెట్టొచ్చు. యజమాని బతికుండగానే ఈ పని చేస్తే తర్వాత పేరు మార్పు తేలికవుతుంది. వీలునామా రాసేవాళ్లు ‘నా జీపు’ అని ఊరుకోకుండా ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్‌తో సహా రాయడం మేలు. బండితో పాటు ఉన్న స్పేర్ పార్టులు, పాత ఇంజిన్, టూల్ కిట్ కూడా అందులో రాయాలి. లేదంటే బండి ఒకరికి, స్పేర్లు ఒకరికి పోతాయి.

ఆర్సీ పోయిందా? పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్‌కు దరఖాస్తు చేయాలి. ఇక్కడ మన జిల్లాల వాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2016 అక్టోబర్ 11కు ముందు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల.. మూడూ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. అప్పటి బండి రికార్డు కోసం పాత జిల్లా కేంద్రంలో కూడా వాకబు చేయాల్సి రావచ్చు. చేతిరాత రిజిస్టర్లలో ఉన్న నంబర్లు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. ట్యాక్స్ రసీదు, పాత ఇన్సూరెన్స్ కాగితం, తాత జీపు పక్కన నిలబడి దిగిన ఫొటోలో కనిపించే నంబర్ ప్లేటు.. ఏదీ పారేయకండి. దారి పట్టుకోవడానికి అన్నీ పనికొస్తాయి.

నెలకు ఒక పూట.. ఈ పనులు తప్పనిసరి

పాత బండిని పాడుచేసేది వాడకం కంటే వాడకపోవడమే. షెడ్డులో నిలబెట్టిన బండికి తుప్పు, ఎలుకలు, చెద.. ముగ్గురు శత్రువులు.

కవర్: ప్లాస్టిక్ టార్పాలిన్ బండికి ఆనుకునేలా కప్పితే లోపల చెమ్మ నిలిచి తుప్పు పెరుగుతుంది. పైకప్పు ఉన్న చోట గాలి ఆడే కాటన్ గుడ్డ చాలు. మట్టి నేల కంటే సిమెంటు నేల మంచిది.

చెద: 1930ల నడిమి దాకా జనరల్ మోటార్స్ కార్ల బాడీల్లో రేకు లోపల చెక్క చట్రం ఉండేది. పైకి రేకు మెరుస్తున్నా లోపల చెద తినేసి ఉండొచ్చు. తలుపులు కిందికి జారుతుంటే అనుమానించాల్సిందే.

ఇంజిన్: స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకే ఆపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఇంజిన్ లోపల, సైలెన్సర్‌లో నీటి ఆవిరి నిలిచిపోతుంది. పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి. కాగితాలు సరిగ్గా ఉంటే కాసేపు రోడ్డు మీద తిప్పడం ఇంకా మంచిది.

పెట్రోల్: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులను, పెట్రోల్ పంపు డయాఫ్రంను మెత్తబరుస్తుంది, కార్బ్యురేటర్ లోపల తినేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, డయాఫ్రం వేయించుకోవాలి. బండి నెలల తరబడి ఆపేస్తుంటే ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయాలి. ఇంకో మాట.. 2000 నుంచి దేశంలో సీసం కలిసిన పెట్రోల్ లేదు. పాత ఇంజిన్ హెడ్ ఎప్పుడైనా విప్పితే గట్టి వాల్వ్ సీట్లు వేయించడం గురించి మెకానిక్‌తో మాట్లాడండి.

బ్యాటరీ: 1950ల నడిమి దాకా చాలా అమెరికన్ బండ్లలో ఉండేది 6 వోల్టుల కరెంటు. తెలియక 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బులు, మీటర్లు కాలిపోతాయి. పాత ఫోర్డ్, ప్యాకార్డ్ బండ్లలో పాజిటివ్ వైరు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. షెవర్లేలో నెగిటివ్. బ్యాటరీ తగిలించే ముందు ఇది చూసుకోవడం ముఖ్యం. ఒక చీటీ రాసి బ్యాటరీ పక్కనే కట్టండి. తర్వాత వచ్చే వాళ్లకు అదే దారి చూపిస్తుంది.

బ్రేకులు: ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 1960ల నడిమి దాకా వచ్చిన చాలా అమెరికన్ బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేక్ లైన్. ఒక్క పైపు పగిలినా, ఒక్క సిలిండర్ కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. చదును రోడ్డు మీద ఎలాగో ఆపుకోవచ్చు. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు ఘాట్ దిగేటప్పుడు అలా జరిగితే? అందుకే బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. పైపులు, రబ్బరు వాషర్లు కొత్తవి వేయించాలి. హ్యాండ్ బ్రేక్ పని చేస్తుందో లేదో చూడకుండా బండి కదిలించకూడదు. ఘాట్‌లో బ్రేకు మీదే బరువు వేయకుండా చిన్న గేరులోనే దిగాలి.

టైర్లు: గాట్లు బాగానే కనిపించినా ఏళ్లు గడిస్తే రబ్బరు పగుళ్లిస్తుంది. ఎక్కువ కాలం కదలని బండిని స్టాండ్ల మీద ఎత్తి పెట్టాలి.

పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

ఇక్కడ అమెరికన్ బండ్లకు ఒక లాభం ఉంది. ఫోర్డ్, షెవర్లే, జీపు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. వాటి ప్యాకింగ్‌లు, బేరింగులు, బ్రేక్ కిట్లు, అద్దాల రబ్బర్లు అమెరికాలో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. ప్యాకార్డ్, స్టుడీబేకర్, డిసోటోల కంపెనీలే లేవు. డిసోటో 1960లో, స్టుడీబేకర్ 1966లో ఆగిపోయాయి. వాటికి వెతుకులాట ఎక్కువ.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు మన దగ్గర తక్కువేం కాదు. సెలవులకు వచ్చేటప్పుడు పచ్చళ్లు అటు, పాయింట్లు, ప్యాకింగ్ కిట్లు ఇటు! చిన్న ముక్కలు అలా వచ్చేస్తాయి. పెద్ద సామాను తెప్పిస్తే కస్టమ్స్ సుంకం లెక్కేసుకోవాలి. దొరకని ఇరుసు పిన్నులు, బుష్‌ల లాంటివి మంచి లేత్ మిషన్ మేస్త్రీ చేసిస్తాడు. కొలత కోసం పాత ముక్క చేతిలో ఉండాలి. అందుకే అరిగిపోయిన ముక్కను కూడా పారేయొద్దని అనుభవజ్ఞులు చెబుతారు.

అన్నింటికన్నా కరవు మెకానిక్‌కే. పాయింట్ల గ్యాప్ సరిచేయడం, చెవితో విని ఇంజిన్ టైమింగ్ పట్టడం తెలిసిన మేస్త్రీలు పెద్దవాళ్లైపోతున్నారు. పని చేస్తున్నప్పుడు ఇంట్లో కుర్రాళ్లను పక్కన నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించండి. ఏ స్క్రూ ఎటు తిప్పాలో, స్టార్ట్ కాకపోతే ముందు ఏం చూడాలో మేస్త్రీ నోటితోనే చెప్పించండి. ఆ వీడియో పదేళ్ల తర్వాత కొత్త మెకానిక్‌కు పాఠం అవుతుంది.

ఇన్సూరెన్స్‌లోనూ జాగ్రత్త అవసరం. మోడల్ ఆగిపోయిన పాత బండికి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఖాయం చేస్తారు. ఫొటోలు, చేయించిన పనుల బిల్లులు చూపిస్తేనే సరైన విలువ వస్తుంది. లేదంటే ఇనుము ధర రాసి చేతులు దులుపుకుంటారు.

ఎవరూ చూసుకోలేకపోతే?

పిల్లలందరూ ఊరు వదిలారు, బండి మీద ఎవరికీ ఆసక్తి లేదు అనుకుందాం. అప్పుడు కూడా ఇనుము కొట్టు ఒక్కటే దారి కాదు. కుటుంబంలో ఆసక్తి ఉన్న దూరపు బంధువుకు ఇవ్వొచ్చు. వింటేజ్ క్లబ్బుల వాళ్లకు అమ్మొచ్చు. మ్యూజియానికి ఇవ్వొచ్చు. గురుగ్రామ్ దగ్గర తావడూలో 2013లో మొదలైన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం లాంటివి పాత వాహనాల కోసమే ఉన్నాయి.

మన పక్కనే వనపర్తిలో సంస్థానం ప్యాలెస్ 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీగా నడుస్తోంది. భవనం కుటుంబం చేతుల్లోంచి వెళ్లింది, కానీ వేలమంది పిల్లలకు చదువు చెప్పింది. బండి విషయంలోనూ ఇంటిల్లిపాదీ కూర్చుని, కళ్లు తెరిచి తీసుకున్న నిర్ణయం అయితే ఇచ్చేయడం తప్పు కాదు. ఏ నిర్ణయమూ లేక వానకు వదిలేయడమే నష్టం.

ఈ ఆదివారం చేయాల్సినవి ఇవీ..

1. ఆర్సీ వెతికి, అందులోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. రెండింటికీ ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి.

2. బండి ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఆ మనిషి ఉంటే నామినీ పెట్టించండి. లేకపోతే వారసుల పేరు మార్పు మొదలుపెట్టండి.

3. ఒక పాత నోటు పుస్తకం తీసుకుని బండి ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ ఇంజిన్ ఎప్పుడు మార్చారు, ఎవరు నడిపారు అన్నీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి. వాళ్లు ఉండగానే అడగాలి.

4. నెలకోసారి షెడ్డు తలుపు తీసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా తేల్చండి. ఖర్చు ఎవరెవరు పంచుకుంటారో అదే పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి.

ఈ నాలుగు పనులకూ కలిపి ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక పూట సమయం. రంగు, క్రోమ్ పూత, సీట్ల గుడ్డ.. ఇవన్నీ తర్వాత మెల్లగా చేయించుకోవచ్చు.